‘గారు’ తిరిగి పెట్టండి: తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారిపై చిన్నచూపు తగ్గించడం ఎలా?

ఎర్రగడ్డ హైదరాబాద్‌లో ఒక పేట. రైతుబజారు ఉంది, మెట్రో స్టేషన్ ఉంది, వేల కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. అయినా పెళ్లిచూపుల్లో ‘మాది ఎర్రగడ్డ’ అని చెబితే ఎదుటివారిలో ఒకరైనా నవ్వు ఆపుకుంటారు, అక్కడ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది కాబట్టి. విశాఖలో ఆ భాగ్యం చినవాల్తేరుకు దక్కింది. ఆసుపత్రి ఉన్న పాపానికి పేట పేరే వెక్కిరింతయితే, అలాంటి ఆసుపత్రిలో ఆరు వారాలు ఉండి ఇంటికి తిరిగొచ్చిన మనిషి సంగతి వేరే చెప్పాలా?

మా ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారు. మా చిన్నాన్న. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట చింతచెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారు. ఇరవై ఏడో ఏట స్కిజోఫ్రీనియా బయటపడింది. లేని గొంతులు వినిపించడం, లేనిది ఉన్నట్టు గట్టిగా నమ్మడం వంటివి ఈ జబ్బు లక్షణాలు. ఇప్పుడాయనకు నలభై తొమ్మిది. మధ్యలోని ఇరవై రెండేళ్లలో ఊళ్లో ఆయన స్థానం ఆయనకు తిరిగి ఇప్పించడానికి మేము చాలా చేశాము. ఎక్కువ భాగం బెడిసికొట్టాయి, కొన్ని ఫలించాయి. ఫలించిన వాటిని, అవి ఎందుకు ఫలించాయో తరువాత చదివి తెలుసుకున్న దాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆయనకు చదివి వినిపించాను కూడా. రెండు చోట్ల కొట్టేయమన్నారు, కొట్టేశాను.

మీ ఇంట్లో ఈ జబ్బు లేకపోవచ్చు, మీ వీధిలో ఉండే ఉంటుంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో (మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు) జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ (హద్దు మీరిన ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు) వంటి తీవ్రమైన జబ్బులతో అప్పటికి బాధపడుతున్నవారు పెద్దవాళ్లలో 0.8 శాతమని తేలింది. రెండు వేల మంది ఓటర్లున్న ఊరికి ఆ లెక్క వేస్తే పదహారు మంది. మీకు ఒక్కరే తెలిసి ఉంటే మిగతా పదిహేను మంది ఏ పెరటి గదిలో ఉన్నారో ఆలోచించండి.

1. ముందు పిలుపు సరిచేయండి

తెలుగులో మనిషిని తక్కువ చేయడానికి తిట్టు అక్కర్లేదు. క్రియ చివర మారిస్తే చాలు. జబ్బుకు ముందు మా చిన్నాన్న ‘రైటరుగారు వచ్చారు’. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన నెలలోపే ‘రైటరు వచ్చాడు’. ఏడాదికి ‘వాడొచ్చాడు’. ఎవరూ కావాలని మార్చలేదు, ఎవరూ గమనించనూ లేదు. నోళ్లు వాటంతటవే మారిపోయాయి. పదేళ్ల పిల్లలు కూడా ‘ఏయ్ రైటరూ’ అన్నారంటే పెద్దల నోట విన్నదే కదా.

అందుకని మొదటి పని డబ్బు ఖర్చు లేనిది. జబ్బుకు ముందు ఆ మనిషిని ఏమని పిలిచేవారో గుర్తు తెచ్చుకుని, నలుగురూ ఉన్న చోట, వినబడేలా అలాగే పిలవండి. ‘మాస్టారూ’ అయితే మాస్టారూ, ‘వదినగారూ’ అయితే వదినగారూ. మీరు తెచ్చుకున్న పిలుపును పక్కవాళ్లు అందుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, కానీ అందుకుంటారు. మా వీధిలో పాలు పోసే ఆవిడ అందరికంటే ముందు అందుకుంది.

దీనికి అవతలి కొసన ఇంకో తప్పుంది. నలభై ఏళ్ల మనిషిని పసిపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు ‘అన్నం తిన్నావా నాన్నా, మందేసుకున్నావా’ అని సాగదీసి పలకరించడం. ప్రేమగానే అంటారు, కాదనను. కానీ మీకు షుగరు ఉందనుకోండి, ఎదురుపడిన ప్రతివాడూ మొదటి మాటగా ‘ఇన్సులిన్ పొడిపించుకున్నావా’ అంటే మీకెలా ఉంటుంది? వానల గురించి అడగండి, కరెంటు బిల్లు గురించి అడగండి. మరీ ముఖ్యంగా, ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉండగా పక్కనున్న తమ్ముణ్ణో భార్యనో ‘ఇప్పుడెలా ఉన్నాడు?’ అని అడగవద్దు.

ఇక ‘పిచ్చి’ అనే మాట. దీన్ని భాషలోంచి వెళ్లగొట్టాలనే వాళ్లతో నేను ఏకీభవించను. సినిమా పిచ్చి ఉంటుంది, గట్టు మీద పిచ్చి మొక్కలు మొలుస్తాయి, అమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని ‘పిచ్చితల్లీ’ అంటుంది. వీటన్నిటికీ అడ్డుపడే మనిషిని చూస్తే జనం పక్కసందులోకి తప్పుకుంటారు, మీరు చెప్పదలచుకున్న అసలు మాట అక్కడే ఆగిపోతుంది. మూడింటి దగ్గర మాత్రం పట్టుబట్టండి. ఒకటి, మనిషికి పేరుగా ‘పిచ్చోడు, పిచ్చిది, మెంటల్’. రెండు, ఎర్రగడ్డ హాస్యం. మూడోది మన పత్రికలు పుట్టించిన ‘ప్రేమోన్మాది’. అమ్మాయి కాదన్నదని కత్తి పట్టుకెళ్లినవాడికి ఉన్నది జబ్బు కాదు, అహంకారం. వాడి నేరాన్ని ‘ఉన్మాదం’ ఖాతాలో రాసినప్పుడల్లా నిజంగా జబ్బుపడి మందులు మింగుతున్నవారి మీద ఊరి భయం ఇంకాస్త పెరుగుతుంది. అలాంటి శీర్షిక కనబడితే సంపాదకుడికి రెండు వాక్యాల ఉత్తరం రాయండి. మర్యాదగా రాస్తే చదువుతారు.

పేరు మార్చడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి జపాన్ సంగతి చెప్పండి. అక్కడ స్కిజోఫ్రీనియాను ‘మనసు చీలిన జబ్బు’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. ఆ పేరు చెప్పలేక డాక్టర్లే రోగుల దగ్గర దాచేవారు. రోగుల కుటుంబాల సంఘం కోరగా 2002లో దాన్ని ‘సమన్వయం తప్పిన జబ్బు’ అని మార్చారు. ఆ తరువాత జబ్బు పేరును రోగికి నేరుగా చెప్పే డాక్టర్లు బాగా పెరిగారు.

2. నాలుగు ప్రశ్నలకు జవాబులు నోటికి వచ్చి ఉండాలి

మీరు నోరు విప్పగానే జనం అడిగేవి నాలుగే. పెద్ద ఉపన్యాసం అవసరం లేదు.

‘మీద పడి కొడతారా?’ ఈ జబ్బులున్న వారిలో చాలామంది ఎవరి జోలికీ పోరు. దెబ్బలు కొట్టడం కంటే తినడమే ఎక్కువ. వైద్యం అందనప్పుడు, మద్యమో మత్తుమందో తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుందన్నది నిజం. ఆ నిజాన్ని దాచవద్దు, దాస్తే తక్కిన మాటలు కూడా నమ్మరు.

‘పిల్లలకు వస్తుందా?’ మామూలుగా స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం నూటికి ఒకరికి ఉంటే, తల్లికో తండ్రికో ఉన్నప్పుడు అది నూటికి పదిమంది దాకా పెరుగుతుంది. అంటే తొంభై మందికి రాదు.

‘తగ్గుతుందా?’ కొందరికి పూర్తిగా తగ్గుతుంది. చాలామందికి మందులతో అదుపులో ఉంటుంది, పనులు చేసుకుంటారు. కొందరికి ఎంత చేసినా కొన్ని లక్షణాలు మిగులుతాయి. మా చిన్నాన్నకు చెవిలో గొంతులు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయి. ‘పక్కింటి టీవీ అనుకుంటాను’ అంటారాయన.

‘గాలి సోకిందా, ఎవరైనా చేయించారా?’ దీనికి ఎదురు వాదన పెట్టుకోవద్దు. కారణం ఐదో అంశంలో చెబుతాను.

ఒక జాగ్రత్త. ‘ఇదంతా మెదడులో రసాయనాల లోపం, మరేమీ కాదు’ అని చెప్పడం మంచి వాదనలాగే కనిపిస్తుంది. రోగి తప్పు లేదని జనం ఒప్పుకుంటారు కూడా. కానీ అంతటితో ఆపితే ‘అయితే వీళ్ల మెదడే వేరు, ఇక బాగుపడరు’ అనే దూరం పెరుగుతుందని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. రసాయనాల సంగతి ఒక్క వాక్యంలో ముగించి, ఆ మనిషి ఇవాళ పొద్దున ఏం చేశారో చెప్పండి.

3. చూడడానికి కాదు, పనికి పిలవండి

మీకు ఒక్కదానికే ఓపిక ఉంటే ఇది చేయండి. తక్కినవన్నీ దీనికి సాయపడేవే. సమాచారం కంటే పరిచయం బలమైనదని ఈ రంగంలో పనిచేసే చాలామంది ఒప్పుకునే మాట. అయితే ఏ పరిచయమైనా కాదు. ఇద్దరూ సమానంగా నిలబడి, ఇద్దరికీ అక్కరైన పని చేసే పరిచయం కావాలి. ఆసుపత్రికి పళ్లు పట్టుకెళ్లి పంచిపెట్టి ఫొటో దిగితే అక్కడ సమానత్వం లేదు.

మా పెదనాన్న కూతురి పెళ్లి. అంతకు ముందు రెండు పెళ్లిళ్లలో చిన్నాన్నను విడిది ఇంట్లో వెనక గదిలో కూర్చోబెట్టి భోజనం అక్కడికే పంపారు. ఈసారి పెదనాన్న చదివింపుల పుస్తకం ఆయన చేతికిచ్చారు. ఇంట్లో ఆడవాళ్లకు భయం, నాకూ భయమే. మందుల వల్ల ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. భోజనాల పందిరి దాటి బయటికి వచ్చే దారిలో బల్ల వేశాము. పక్కన డబ్బు తీసుకోవడానికి మా బావ కూర్చున్నాడు. ఎక్కడైనా చదివింపుల దగ్గర ఇద్దరే కూర్చుంటారు కాబట్టి అది కాపలాలా కనిపించలేదు. చిన్నాన్న పుస్తకానికి నాలుగు మూలలా పసుపు పెట్టి, పైన శ్రీకారం చుట్టి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాయడం మొదలుపెట్టారు.

మొదటి అరగంట జనం బల్ల చుట్టూ తిరిగి వెళ్లారు. కవర్లు నేరుగా పెదనాన్న చేతిలో పెట్టబోయారు. ఆయన ఒక్కటీ తీసుకోలేదు. ‘బల్ల దగ్గర ఇచ్చి పేరు రాయించండి’ అని అందరికీ అదే మాట. దాంతో ఒక్కొక్కరే వచ్చి, చిన్నాన్న ఎదుట వంగి, పేరూ ఊరూ చెప్పాల్సి వచ్చింది. ఇరవయ్యేళ్లుగా పలకరించనివాళ్లు. ఎరువుల కొట్టు యజమాని ఇంటిపేరు చెప్పగానే చిన్నాన్న కలం ఆపారు. ‘లకారమా, ళకారమా? మీ నాన్నగారు ళకారం రాయించుకునేవారు. ఆయన మెరక పొలం దస్తావేజు నేనే రాశాను.’ ఆ పెద్దమనిషి ఒక్క క్షణం నిలబడిపోయి, ‘ళకారమే రైటరుగారూ’ అన్నాడు.

రాత్రి లెక్క చూస్తే రూపాయి తేడా లేదు. అక్షరాలు మాత్రం కొంచెం పక్కకు ఒరిగాయి.

మీరు చేయవలసింది ఇలాంటి పని వెతకడం. ఆ మనిషికి ఇదివరకే చేతనైనది కావాలి, నలుగురూ ఆయన దగ్గరికి వచ్చి తీరవలసినది కావాలి, మధ్యలో ఆయన లేచి వెళ్లిపోయినా కొంప మునగనిది కావాలి. వినాయకచవితి చందాల రసీదులు, అపార్టుమెంటులో నీళ్ల ట్యాంకరు లెక్క, బడిలో మధ్యాహ్న భోజనానికి కూరగాయల తూకం, గ్రంథాలయంలో పుస్తకాల నమోదు. పని ఇచ్చేముందు ఆయన్ని అడగాలి. ఒద్దంటే ఒద్దనే. ఆతిథ్యం ఇచ్చే పెద్ద (మా దగ్గర పెదనాన్న) మెత్తబడకుండా ఉండడం రెండో షరతు. ఆయన ఒక్క కవరు చేతిలోకి తీసుకుని ఉంటే ఆ రోజు బల్ల ఖాళీగానే ఉండేది.

4. సభ పెట్టాలనుకుంటే చిన్నదే పెట్టండి

మేము ఒకసారి అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, పెద్ద సభే పెట్టాము. బ్యానరు, మైకు, రెండు వందల కుర్చీలు. వచ్చిన డాక్టరుగారు మంచివారే, నలభై నిమిషాలు డోపమైన్ అనే మెదడు రసాయనం గురించి చెప్పారు. చివర ఒకాయన లేచి అడిగాడు: ‘ఇలాంటివాళ్లను దూరం నుంచే గుర్తుపట్టడం ఎలా సార్, జాగ్రత్తగా ఉండడానికి?’ అదీ మా సభ ఫలితం.

తరువాతి ఏడు ఆటోస్టాండుకు వెళ్లాము. పదకొండు మంది డ్రైవర్లు, రెండు బెంచీలు, టీ. బైపోలార్ జబ్బుతో పదిహేనేళ్లుగా మందులు వాడుతూ కుట్టుమిషను నడుపుకునే ఒకావిడ పన్నెండు నిమిషాలు మాట్లాడారు. జబ్బు ఎంత భయంకరంగా ఉండేదో రెండు నిమిషాలే చెప్పి, తక్కిన పది నిమిషాలు తన రోజు ఎలా గడుస్తుందో చెప్పారు. ఏ మందుకు మత్తుగా ఉంటుందో, ఎన్నింటికి కొట్టు తెరుస్తారో. మేము డ్రైవర్లను కోరింది ఒక్కటే: ‘ఆసుపత్రికి’ అని చెప్పి ఇలాంటివారిని ఎక్కించుకోమంటే కాదనవద్దు. ‘అవగాహన పెంచుకోండి’ అంటే ఎవరికీ ఏమీ పట్టదు. అడిగేది రేపు పొద్దున చేయగలిగినదై ఉండాలి. ఇంటి యజమానులను అద్దెకు ఇల్లిమ్మని, టీకొట్టు ఆయన్ని అందరికీ ఇచ్చే గాజు గ్లాసులోనే టీ ఇమ్మని. అవును, మా చిన్నాన్నకు ఒక్కరికే కాగితం కప్పు వచ్చేది.

మాట్లాడడానికి వచ్చే వారి విషయంలో కొన్ని నియమాలు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వారే ముందుగా నిర్ణయించుకోవాలి. పెళ్లి కావలసిన చెల్లెలు ఉందని పేరు చెప్పనంటే ఒత్తిడి చేయకూడదు. వీడియో తీసి వాట్సాప్ గుంపుల్లో పెట్టకూడదు. దారి ఖర్చులు, ఒక పూట కూలి ఇవ్వాలి. ఊరికే త్యాగం చేయమంటే రెండోసారి రారు. మరునాడు ఎలా ఉన్నారో ఫోను చేసి కనుక్కోవాలి, ఎందుకంటే కథ చెప్పిన రాత్రి కొందరికి నిద్ర పట్టదు.

ఒకసారి చేసి ఊరుకోవద్దు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవారు ఇలాంటి ప్రచారం చేశారు. జబ్బు అనుభవించినవారు మాట్లాడిన వీడియో, నాటకం, ఇంటింటికీ కరపత్రాలు. రెండేళ్ల తరువాత అడిగి చూసినా మార్పు కొంత నిలిచి ఉంది. అయితే అది కుంగుబాటు, ఒత్తిడి వంటి వాటి గురించి. స్కిజోఫ్రీనియా దగ్గర భయం మరింత లోతుగా ఉంటుంది, మీరు ఇంకా ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది.

5. తాయెత్తుతో తగువు వద్దు, గొలుసుతో రాజీ వద్దు

గుడికో దర్గాకో తీసుకెళ్లే కుటుంబాన్ని ‘మూఢనమ్మకం’ అని ఎద్దేవా చేస్తే వాళ్లు జబ్బును ఇంకా లోపలికి దాస్తారు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా ఆవరణలోనే ‘దవా-దువా’ పేరుతో మందూ ప్రార్థనా పక్కపక్కనే అందేలా ఏర్పాటు చేశారు. మీరూ ఆ దారే పట్టండి: ‘తాయెత్తు ఉంచండి, దాంతోపాటు డాక్టరుకూ చూపిద్దాం.’

గొలుసు దగ్గర మాత్రం మెత్తబడవద్దు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించడానికి వీల్లేదంటుంది. బలవంతంగా గుండు గీయడం కూడా కుదరదు.

‘పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు’ అని సామెత. రెండో సగాన్ని నమ్మి, జబ్బు దాచి పెళ్లి చేసిన ఇళ్లు ఎన్నో. పెళ్లి మందు కాదు. దాచిన విషయం బయటపడిన రోజున రోగి పరువే కాదు, మీరు ఇన్నాళ్లూ కూడగట్టిన నమ్మకం కూడా పోతుంది.

6. చట్టాన్ని జేబులో ఉంచుకోండి

వాదించడానికి కాదు, అవసరం పడితే తీయడానికి. పైన చెప్పిన 2017 చట్టం ప్రకారం గతంలో మానసిక వైద్యం పొందారన్న కారణం ఒక్కటే చూపి ఇప్పుడూ జబ్బు ఉందని తేల్చకూడదు. శారీరక జబ్బులకు ఇచ్చినట్టే బీమా కంపెనీలు మానసిక జబ్బులకూ ఇవ్వాలి. ఆసుపత్రిలో ఉన్నవారి ఫొటో, వివరాలు వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. మానసిక జబ్బుతో వీధుల్లో దిక్కులేక తిరిగేవారిని సంరక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం పోలీసుల విధి, లాకప్‌లో పెట్టడానికి వీల్లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 మానసిక జబ్బును కూడా వైకల్యంగా గుర్తించింది, వైకల్యం 40 శాతమో ఆపైనో ఉందని ధ్రువపత్రం ఉంటే రిజర్వేషన్ల వంటివి వర్తిస్తాయి. ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడడానికి టెలీమానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ ఉంది, నంబరు 14416, ఉచితం.

7. జబ్బు తిరగబెట్టే రోజుకు ముందే సిద్ధపడండి

ఊరి నమ్మకం పగిలేది ఇక్కడే. మూడేళ్లు అంతా బాగుండి ఒక్క రాత్రి కేకలు వినబడితే ‘మేము ముందే అన్నాం’ అనేవాళ్లు తయారవుతారు. అందుకని బాగున్న రోజుల్లోనే, ఆ మనిషి ఒప్పుకుంటే, ఇటూ అటూ రెండిళ్లవారికి చెప్పి ఉంచండి: మళ్లీ రావచ్చు, వస్తే ఇలా ఉంటుంది, ఎవరికి ఫోను చేయాలి. మా చిన్నాన్నకు మొదటి గుర్తు నిద్ర. రెండు రాత్రులు పడుకోకుండా పాత దస్తావేజుల నకళ్లు తిరగేస్తున్నారంటే డాక్టరు దగ్గరికి వెళ్లే వేళయిందని ఎదురింటి మామ్మగారికి కూడా తెలుసు.

జబ్బు ముదిరి తాను నిర్ణయించుకోలేని స్థితిలో తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఎలాంటిది వద్దో ముందే రాసిపెట్టే హక్కును కూడా 2017 చట్టం ఇచ్చింది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని కూడా ఎంచుకోవచ్చు. చిన్నాన్న తన కాగితాన్ని తానే రాసుకున్నారు, అచ్చంగా దస్తావేజు భాషలో: ‘నేను నా పూర్తి ఇష్టపూర్వకముగాను, ఒకరి ప్రోద్బలము లేకుండాను వ్రాయించుకొన్నది ఏమనగా...’ చదివిన డాక్టరుగారికి నవ్వొచ్చింది. చిన్నాన్నకు రాలేదు.

ఇదంతా పనిచేస్తున్నదో లేదో తెలియాలంటే ప్రశ్నపత్రాలు పంచనక్కర్లేదు. చిన్న వాటిని గమనించండి. శుభలేఖ మీద ఆ మనిషి పేరు కూడా రాసి ఇస్తున్నారా? పందిట్లో పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోతున్నదా? టీ ఏ గ్లాసులో వస్తున్నది? మా టీకొట్టులో గాజు గ్లాసు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మొన్న మాఘమాసంలో ఎరువుల కొట్టు యజమాని ఇంట్లో పెళ్లి. చదివింపుల దగ్గర కూర్చుంటారా అని చిన్నాన్నకే నేరుగా ఫోను చేశారు. ముహూర్తం ఎన్నింటికని ఈయన అడిగారు. రాత్రి పది దాటాక అన్నారు. ‘తొమ్మిదికి మాత్ర వేసుకుని పడుకుంటానండీ, ఈసారికి ఇంకెవరినైనా చూసుకోండి’ అని ఫోను పెట్టేశారు.